బాలింత గది కడిగిన రోజు

నాకు నోరెక్కువ. తాండూరు చుట్టుపక్కల గల్లీల్లో నర్సమ్మగా పనిచేసినన్నాళ్లూ జనం నా సూదికన్నా నా నోటికే ఎక్కువ భయపడ్డారు. టీకా వేయించని తల్లిని నడివీధిలో నిలబెట్టి కడిగేసేదాన్ని. మూత లేని నీళ్ల డ్రమ్ము కనిపిస్తే ఇంటివాళ్లు నిద్ర లేచారో లేదో కూడా చూడకుండా బోర్లించేదాన్ని. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడూ వస్తుంటారు. వరద తర్వాత ఇళ్లు శుభ్రం చేసుకోవడం గురించి జనానికి ఏం చెప్పాలి మేడం అని అడుగుతారు. కరపత్రంలో ఉన్నది మొత్తం చెప్పండమ్మా, చివరి వరుస దాకా చదవండి అంటాను. ఆ చివరి వరుస మీద నాకు అంత పట్టుదల ఎందుకో వాళ్లకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఏడు రెండు రోజులు విడవకుండా వాన కొట్టింది. కాగ్నా నది పొంగి పల్లంలో ఉన్న గల్లీల్లోకి వచ్చేసింది. అక్కడుండేవాళ్లంతా నాపరాళ్ల పాలిష్ మిషన్లలో పనిచేసే కుటుంబాలు. నీళ్లు మంచాల ఎత్తున ఒక పగలూ ఒక రాత్రీ నిలిచి, వచ్చిన దారినే పోయాయి. పోతూ పోతూ బురద వదిలిపోయాయి. ఇళ్లలోకి తొంగి చూస్తే నానిపోయిన కందిపప్పు, ఉబ్బిన బడి పుస్తకాలు, ఎవరిదో తెలియని ఒంటి చెప్పు, అన్నీ ఒకే రంగులో ఉండేవి.

మేం బ్లీచింగు పౌడరు సంచులు, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకుని దిగాం. ఇంటింటి ముందూ నిలబడి చెప్పాల్సిన మాటలు కరపత్రంలో తొమ్మిది ఉన్నాయి. కరెంటు మెయిను తీయకుండా తడి ఇంట్లో అడుగు పెట్టొద్దు. కర్రతో తట్టి, పామూ తేలూ లేవని చూసుకున్నాకే సామాను కదిలించు. కాళ్లకు చెప్పులుండాలి. తడిసిన గింజలు పారెయ్యి. నీళ్లు కాచి తాగు. ఇలా ఎనిమిది మాటలు నేను ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. ఒక ముసలమ్మ నా ధాటికి తట్టుకోలేక, "నర్సమ్మా, వరదే నయం, ఒక్క దినంల పోయింది" అంది. నేను కూడా నవ్వాను.

తొమ్మిదో మాట చదివేదాన్ని కాదు. బ్లీచింగుతో యాసిడ్ గానీ ఇంకే మందు గానీ కలపకూడదు అని ఉండేది అందులో. యాసిడ్ ఎవరింట్లో ఉంటుంది, అది పట్నంలో పెద్దవాళ్ల బాత్రూముల సంగతి అనుకున్నాను. నా క్వార్టర్లో ఉన్నది సిమెంటు గచ్చు. తాండూరులో బండలు పరిచిన ప్రతి ఇంట్లోనూ మంచం కింద ఒక యాసిడ్ డబ్బా ఉంటుందనీ, బండ మీద మరక పడితే ఇక్కడి ఆడవాళ్ల చెయ్యి ముందు దాని మీదికే పోతుందనీ, ఇన్నేళ్లు ఆ ఇళ్లలో టీ తాగిన నాకు తట్టలేదు. మరక పోవడానికి వాళ్లు ఏం వాడతారని ఎప్పుడైనా అడిగితే కదా. నేను చెప్పే మనిషినే గానీ అడిగే మనిషిని కాదు.

ఆ గల్లీకి ఆశా కార్యకర్త ఒకామె ఉండేది. జనం ఆశమ్మ అనేవాళ్లు. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. గొర్రెలు కాచే ఇంట పుట్టింది. పొద్దున గల్లీ ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి నడిచిందంటే చాలు, ఏ ఇంట్లో ఎవరు మూలకు పడుకున్నారో, ఏ కోడలు నెల తప్పిందో చెప్పేసేది. మందలో ఒక్క జీవం తగ్గినా తెలుస్తుంది కదక్కా అనేది. నా రిజిస్టరులో ఉన్న సమాచారం సగం ఆమె కళ్లలోంచి వచ్చిందే. మెచ్చుకోళ్లు మాత్రం నాకు వచ్చేవి. ఆమె భర్త పాలిష్ మిషన్లో పని. ఒక్కతే కూతురు, పరిగిలో ఇచ్చారు. మొదటి కాన్పుకు వచ్చి, సరిగ్గా ఆ వానల ముందే తాండూరు సర్కారు దవాఖానాలో ఆపరేషనై ఆడపిల్లను కన్నది.

నీళ్లు తీసిన మర్నాడు పొద్దున్నే ఆశమ్మ నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, మా బిడ్డను మాపటికి ఇంటికి తోలుతమన్నరు. కుట్లేసిన పానం, చేతిల పసిగుడ్డు. ఇంట్ల గింత మందం బురదున్నది. జర పూట మందం పోనిస్తవా? కడుక్కొని ఉరికొస్త."

ఆ రోజు వికారాబాద్ నుంచి మా పై అధికారి చూడటానికి వస్తున్నాడు. గల్లీ శుభ్రంగా ఉండాలి, ఫొటోలు గ్రూపులో పెట్టాలి. ఆశమ్మ లేకుండా నాకు ఆ గల్లీలో ఒక్క ఇంటి తలుపూ తెరుచుకోదు.

"సారొస్తుండు. ఆయన వచ్చి పోయేదాంక నువ్వు కదలొద్దు. ముందుగాల గల్లి, ఎనక ఇల్లు," అన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఆమెను ముందు రచ్చ గెలవమన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకోలేదు. "సరే అక్కా" అని బ్లీచింగు సంచి నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. ఆ సరే నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మధ్యాహ్నం దాకా తిరిగాం. సారు ఇంకా రాలేదు. అందరం అన్నానికి ఆగినప్పుడు, "అర్ధ గంటల రావాలె" అని ఆమెను వదిలాను. ఆమె నా సంచిలోంచి ఒక బ్లీచింగు ప్యాకెట్ తీసుకుంది. "ఒకటేం సాలుతది, రెండు తీస్కపో" అని ఇంకొకటి నేనే చేతిలో పెట్టాను. సెలవు ఇవ్వడానికి రాని చెయ్యి బ్లీచింగు ఇవ్వడానికి మాత్రం ధారాళంగా వచ్చింది.

ఇంట్లో ఏం జరిగిందో తర్వాత ఆమె చెబితే తెలిసింది. ముందు గది చీపురుతో, నీళ్లతో కడిగేసింది. వెనక గది చిన్నది, అందులో బిడ్డను పడుకోబెట్టాలి. బాలింతకు గాలి సోకకూడదని అప్పటికే ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ సందులన్నీ పాత గుడ్డలతో, గోనెపట్టాతో బిగించి పెట్టింది. కాన్పుకు ముందు చేసిన పని అది. వరద వచ్చి పోయినా ఆ గుడ్డలు ఊడలేదు, అంత గట్టిగా కుక్కింది తల్లి. గదిలో బండలు ఆమె భర్త తన చేతులతో పాలిష్ పట్టి పరిచినవి. బురద తోసేసినా పసుపు మరక ఉండిపోయింది. రెండు ప్యాకెట్ల బ్లీచింగు పొడిగానే చల్లి నీళ్లు పోసింది. మరక పోలేదు. చూస్తే అర్ధగంట అయిపోవస్తోంది. వరదకు కొట్టుకుపోకుండా మంచం కిందే ఆగిన యాసిడ్ డబ్బా ఉంది. ఎప్పుడూ చేసే పనే చేసింది.

సారు జీపు గల్లీ చివర ఆగింది. ఆయన దిగుతూనే ఆశా కార్యకర్త ఏది అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడే పిలుచుకొస్తానని చెప్పి విసవిసా ఆమె ఇంటికి నడిచాను. గుమ్మంలోంచే మొదలుపెట్టాను.

"సారొచ్చి నిలవడ్డడు, నువ్వు ఇంట్ల కూసున్నవా? ఓ పూట ఆగలేవా?"

లోపలికి అడుగు పెట్టాను. వెనక గదికి చీర పరదా కట్టి ఉంది. పరదా కింద నుంచి రెండు అరికాళ్లు కనిపించాయి, తడి బండ మీద.

నేను చెప్పే ఎనిమిది మాటల్లో మొదటిది కరెంటు. నా బుర్ర నేరుగా అక్కడికే పోయింది. షాకు కొట్టిందనుకున్నాను. బయటికి ఉరికి మీటరు పక్కన మెయిను కిందికి లాగాను. ఎండు కర్ర కోసం వెతికాను. పద్ధతి ప్రకారం అన్నీ చేశాను. ఆ చేస్తున్నంతసేపూ ఆమె ఆ గదిలోనే పడి ఉంది. ఇంట్లో ఘాటు వాసన ఉంది. కానీ పొద్దుటి నుంచి గల్లీ అంతా అదే వాసన, నా చేతులదీ అదే, నా చీరదీ అదే. మా డ్యూటీ వాసన అది. నా ముక్కు నన్ను హెచ్చరించడం మానేసి చాలాసేపయింది.

కర్ర పట్టుకుని పరదా ఎత్తాను. గొంతు ఎవరో పిసికినట్టయింది. కళ్లు మండిపోయాయి.

"బ్యాడమ్మా, బ్యాడ! లోపటికి పోకు!"

వెనక నుంచి ఎవరో నా జబ్బ పట్టి లాగారు. పక్కింటి ముసలాయన. కర్ణాటకలో సేడం వైపు నుంచి వచ్చి నలభై ఏళ్లుగా ఇక్కడే బండలు కోసిన మనిషి. కంగారు పడితే వద్దు అనడానికి ఆయన నోట కన్నడమే వచ్చేది. "అది కరెంటు కాదు, యాసిడ్ పొగ. నువ్వూ పడ్తవు" అన్నాడు. అని గడ్డపార తీసుకుని ఇంటి వెనక్కి పోయాడు. బయటి నుంచి కిటికీలోకి పొడిచాడు. గుడ్డలు, గోనె, కిటికీ రెక్క అన్నీ లోపల పడ్డాయి. గాలి కదిలింది. అప్పుడు ఊపిరి బిగబట్టి ఇద్దరం లోపలికి పోయి చెరో కాలూ పట్టి ఆమెను బయటికి ఈడ్చాం. మర్యాదగా ఎత్తుకోవడానికి టైము లేదు. ఆమె తల గడపకు తగిలిన చప్పుడు విన్నాను.

వాకిట్లో గాలి వైపు తిప్పి పడుకోబెట్టాం. ఆడవాళ్లు చుట్టూ చీరలు అడ్డం పట్టారు, ఒంటి మీది తడి బట్టలు తీసేసి, ఒళ్లూ కళ్లూ నీళ్లతో కడుగుతూనే ఉన్నాం. పెదవులు నల్లబడ్డాయి. దగ్గు వస్తోంది గానీ దగ్గుకు కావలసినంత ఊపిరి లేదు. సారు పరిగెత్తుకు వచ్చాడు. ఫొటోల మాట ఎత్తలేదు పాపం. "నా బండిలో ఎక్కించండి" అన్నాడు. దవాఖానా దాకా ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు మొక్కిన దేవుళ్లందరూ ఆ దారిలో నాకు గుర్తొచ్చారు. ఈమె బతికితే చాలు, నన్నేం చేసినా సరే అనుకున్నాను. అది గుర్తుపెట్టుకోండి.

డాక్టరు ఆక్సిజన్ పెట్టి, సూదులు వేసి, నన్ను పక్కకు పిలిచాడు. "ఇప్పుడు కొంచెం నయంగా కనిపిస్తుంది. కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కష్టం. రేపటి దాకా ఏమీ చెప్పలేను."

అదే దవాఖానాలో పై అంతస్తులో ఆమె కూతురు సంచి సర్దుకుని తల్లి కోసం చూస్తోంది. ఎవరో ఒకరు పోయి చెప్పాలి. నేనే మెట్లెక్కాను. ఆ పిల్ల మంచం అంచున కూర్చుని ఉంది, పసిదాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నన్ను చూసి మొహం విప్పారింది.

"పెద్దమ్మా, నువ్వొచ్చినవా? అమ్మేది? ఇల్లు కడుగుడు అయిందా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అమ్మ కిందనే ఉంది, ఊపిరి కష్టంగా ఉంది, డాక్టర్లు చూస్తున్నారు అని. ఆ పిల్ల ఏడవలేదు. పసిదాన్ని నా చేతుల్లో పెట్టి, కుట్ల మీద చెయ్యి అదుముకుని ఒక్కో మెట్టూ దిగింది.

ఆశమ్మ కళ్లు తెరిచి మనవరాలిని చూసింది. వెంటనే చెయ్యి ఊపడం మొదలుపెట్టింది, పోండి పోండి అని. కూతురు బిత్తరపోయింది. నాకు అర్థమైంది. తన ఒంటి మీది వాసన పసిగుడ్డుకు తగులుతుందని ఆమె భయం. "కడిగినం, బట్టలు మార్చినం, ఏం లేదు" అని ఎంత చెప్పినా ఆ చెయ్యి ఆగలేదు. నేను పోయి ఆ వార్డు కిటికీలు రెండూ బార్లా తెరిచి వచ్చి, గాలొచ్చే వైపు పసిదాన్ని పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చెయ్యి దించింది. మాస్కు కింద నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

సాయంత్రం ఆమె భర్త వచ్చాడు. మిషన్ దగ్గర మునిగిన మోటార్లు ఎత్తుతూ తొడల దాకా బురదతో ఉన్నాడు. భార్యను చూసి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "ఆ డబ్బ నేనే తెచ్చి ఇంట్ల పెట్టిన నర్సమ్మా. నాదే తప్పు," అన్నాడు. కాదయ్యా, నాది అనాలి నేను. ఊరుకో, ఏం కాదులే అన్నాను. కూతురినీ పసిదాన్నీ నా క్వార్టరుకు తీసుకుపోయాను.

మర్నాడు పొద్దుటికి ఆశమ్మ ఊపిరి కుదుటపడింది. నీరు చేరలేదు, గండం గడిచింది అన్నాడు డాక్టరు. నేను వార్డులో ఆమె కాళ్లు పట్టుకుని కూర్చుని ఉండగా సారు రిపోర్టు రాసుకోవడానికి వచ్చాడు. మంచి మనిషి, మెల్లగా అడిగాడు.

"బ్లీచింగుతో యాసిడ్ కలపొద్దని నీకెవరూ చెప్పలేదామ్మా?"

నాకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. ఆశమ్మ మాస్కు పక్కకు జరిపింది. గొంతు లేదు, గాలి మాత్రం వచ్చింది.

"మేడం చెప్పింది సార్. ఇంటింటికి చెప్పింది. నేనే ఇనలె."

సారు రాసుకున్నాడు. చదివి వినిపించాడు. నా వైపు తిరిగి, అంతేనా అన్నట్టు చూశాడు. నిన్న జీపులో దేవుళ్లతో చేసుకున్న బేరం నాకు గుర్తుంది. నోరు మాత్రం తెరవలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగని నా నోరు, తెరవాల్సిన ఒక్కసారి మూసుకుంది. తల ఊపాను. కింద సంతకం కూడా పెట్టాను.

తర్వాత రెండు రోజులు నేనూ ఆ ముసలాయనా ఆమె ఇల్లు కడిగాం. తలుపులూ కిటికీలూ తెరిచి, ముందు ఒక పూటంతా గాలికి వదిలేశాం. తర్వాత ఉత్త నీళ్లు, చీపురు, కొబ్బరి పీచు, అంతే. నీళ్లు మోసిందంతా ఆయనే. మోకాళ్ల మీద కూర్చుని బండల సందులు రుద్దాను. నా ఇంట్లో కూడా ఎన్నడూ అలా రుద్దలేదు. మరక కొంత మిగిలింది. "మరక ఉంటే ఏమైతది, ఉండనియ్యి. బండ మీద మరకతోని ఎవరన్న సచ్చిన్రా?" అన్నాడాయన. ఆ కిటికీకి మళ్లీ గుడ్డలు కుక్కలేదు. దోమల జాలీ కొట్టించాను.

ఇంటికి వచ్చిన రోజు ఆశమ్మ ఆ గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన కూతురు, కూతురి ఒళ్లో పసిది. కూతురు పాలిచ్చి నిద్రపోయే దాకా ఆగి, మెల్లగా అడిగాను.

"ఎందుకట్ల అబద్ధం చెప్పినవు? నేను చెప్పలేదు గదనే. చెప్పుంటే నువ్వు ఇనేదానివి."

ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అబద్ధమేమున్నది అక్కా? రేపటి సంది ఇంటింటికి చెప్తవు. నీ సంగతి నాకెరుక లేదా? ఒక్క దినం ముందుగాల్నే చెప్పినవని రాపిచ్చిన, గంతే."

అని నవ్వబోయి దగ్గింది. నేను వీపు రాశాను. నవ్వలేకపోయాను, ఆమె నవ్వుతోందని మాత్రం సంతోషపడ్డాను.

ఆమె అన్నట్టే చెప్పాను. రిటైరయ్యే దాకా ప్రతి వానాకాలం, ప్రతి గుమ్మం ముందూ ఆ తొమ్మిదో మాటనే మొదట చెప్పాను. చెప్పి ఊరుకోకుండా మంచాల కింద వంగి చూశాను, డబ్బా ఏదీ అని అడిగాను. ఆశమ్మ నా వెంటే తిరిగింది. గుట్ట ఎక్కితే మాత్రం ఆయాసం వచ్చేది, ఒక్క నిమిషం ఆగక్కా అనేది, ఆగేదాన్ని.

నన్ను సాగనంపిన సభకు వికారాబాద్ నుంచి ఆ సారే వచ్చాడు. శాలువా కప్పి మాట్లాడాడు. "వరద వచ్చినప్పుడు మేడం ఇంటింటికీ తిరిగి ప్రతి జాగ్రత్తా చెప్పారు. విననివాళ్లకు ఏం జరుగుతుందో మన ఆశా కార్యకర్తను చూస్తే తెలుస్తుంది," అన్నాడు. జనం నవ్వారు. ముందు వరుసలో కూర్చున్న ఆశమ్మ కూడా నవ్వి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. నేను మెడలో దండతో చేతులు జోడించి నిలబడ్డాను.

అమ్మాయిలూ, సారు రిపోర్టులో రాసింది తప్పు. ఆమె వినలేదన్నది తప్పు. నేను చెప్పలేదు.